తండ్రి గడిలో ఎవరి పేరు? ‘సోఫియా’ సినిమా, మొరాకో కుటుంబ చట్టం

కాసాబ్లాంకాలో ఓ మధ్యతరగతి ఇల్లు. మధ్యాహ్నం దావత్ నడుస్తోంది. ఇంటి పెద్దలు వ్యాపారంలో భాగస్వామి కాబోయే ఒక డబ్బున్న మనిషితో కూర్చుని భోంచేస్తున్నారు. ఈ ఒప్పందం కుదిరితే కుటుంబం ఒక మెట్టు పైకెక్కుతుంది. వంటింట్లో మాత్రం ఆ ఇంటి అమ్మాయి, 20 ఏళ్ల సోఫియా, కడుపు పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరీ చదువుతున్న కజిన్ లీనా దగ్గరికొచ్చి చూసి నివ్వెరపోయింది. సోఫియాకు నెలలు నిండాయి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. సోఫియా కూడా తనకు తాను ఒప్పుకోలేదు. ఏదో సాకు చెప్పి లీనా ఆమెను బయటికి తీసుకెళ్లింది.

ఇక్కడి నుంచి కథంతా ఒక్క కాగితం చుట్టూ తిరుగుతుంది. పుట్టే బిడ్డకు తండ్రి ఎవరు, ఆయన గుర్తింపు కార్డు ఎక్కడ అన్నదే ఆస్పత్రిలో వచ్చే ప్రశ్న. లీనా తనకు తెలిసిన డాక్టరును బతిమాలితే కాన్పు అయితే అయింది గానీ, 24 గంటల్లో తండ్రి కాగితాలు తేవాలి. తేకపోతే విషయం పోలీసుల దాకా వెళుతుంది. పసిగుడ్డును చేతుల్లో పెట్టుకుని ఇద్దరమ్మాయిలు రాత్రిపూట ఊరంతా తిరగడం మొదలుపెడతారు.

మొరాకో దర్శకురాలు మెరియం బెన్‌ఎంబారెక్ తీసిన ‘సోఫియా’ సినిమా ఇలా మొదలవుతుంది. రబాత్‌లో పుట్టి, పారిస్‌లోనూ బ్రస్సెల్స్‌లోనూ చదువుకున్న ఈమెకు ఇదే మొదటి పూర్తి నిడివి చిత్రం. 2018లో కాన్ ఫిలిం ఫెస్టివల్‌లోని ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు దీనికే వచ్చింది. గంటన్నర కూడా లేని చిన్న సినిమా. అయినా మొరాకోలో కుటుంబ చట్టం మార్పుల మీద ఇప్పుడు నడుస్తున్న చర్చను అర్థం చేసుకోవాలంటే బిల్లులు, ప్రకటనలు చదవడం కన్నా ముందు ఈ సినిమా చూడటం మేలు. ఆ చర్చలో ఎవరూ పైకి అనని ఒక మాటను సినిమా ఎనిమిదేళ్ల కిందటే అనేసింది కాబట్టి.

సినిమా తెర మీద మొదట కనిపించేది మొరాకో శిక్షాస్మృతిలోని 490వ అధికరణం. పెళ్లి బంధం లేని స్త్రీ పురుషులు శారీరకంగా కలిస్తే నెల నుంచి ఏడాది వరకు జైలు. చట్టం ఆడ మగ ఇద్దరికీ ఒకటే. కానీ ఆచరణలో ఎవరు దొరుకుతారు? కడుపు కనిపించేది ఆడమనిషికే. ఆస్పత్రి మెట్లెక్కాల్సిందీ ఆమే. ఇంతవరకు అందరూ చెప్పేదే. బెన్‌ఎంబారెక్ ఇక్కడితో ఆగలేదు. అదే చట్టం డబ్బున్న ఆడమనిషి మీద ఎలా పనిచేస్తుంది, డబ్బులేని మగవాడి మీద ఎలా పనిచేస్తుంది అని కూడా అడిగారు.

అందుకే ఈ సినిమాలో మనుషులతో పాటు పేటలు కూడా పాత్రలే. లీనా తల్లి లైలా ఫ్రెంచి భర్తతో ఉండేది సముద్రం వైపు విల్లాలుండే ఆన్ఫా ప్రాంతంలో. సోఫియా తల్లిదండ్రులది అక్కడికి చేరాలని ఆశపడే మధ్యతరగతి. బిడ్డ తండ్రి అని సోఫియా చూపించిన ఓమర్‌ది దర్బ్ సుల్తాన్. పాత రాజప్రాసాదం దగ్గర ఇరుకు సందులతో, కార్మిక కుటుంబాలతో నిండిన బస్తీ అది. రజా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టిన పేట కూడా. ఒకే ఊళ్లోని ఈ మూడు చోట్ల మధ్య దూరం ట్యాక్సీలో కొద్ది నిమిషాలే. అంతస్తుల లెక్కలో అయితే ఆ దూరం దాటాలంటే ఒక జీవితకాలం పడుతుంది. కొందరికి అదీ చాలదు.

భాష సంగతీ అంతే. ఆన్ఫా ఇంట్లో ఫ్రెంచి, దర్బ్ సుల్తాన్‌లో దారిజా, అంటే మొరాకో జనం రోజూ మాట్లాడే అరబీ. లీనా రెండింట్లోనూ సునాయాసంగా మాట్లాడుతుంది. సోఫియాకు ఫ్రెంచి అంత బాగా రాదు, ఆ లోటు ఆమె ముఖంలో తెలుస్తూనే ఉంటుంది. ఇంగ్లిషు గడగడా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని నోరు విప్పడానికి వెనకాడిన అనుభవం ఉన్న తెలుగు, ఉర్దూ మీడియం వాళ్లకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

సినిమా ఇంకా చూడనివాళ్లకు ఒక మాట. ఇకపై కథలోని ప్రధాన మలుపు చెప్పక తప్పదు. అది చెప్పకుండా ఈ చర్చ ముందుకు కదలదు.

ఓమర్ ఆ బిడ్డకు తండ్రి కాదు. అసలు తండ్రి దావత్‌లో కూర్చున్న ఆ వ్యాపార భాగస్వామే. అందులో ప్రేమా లేదు, సమ్మతీ లేదు. అది బలాత్కారం. ఈ నిజం లీనాకు తెలిసేసరికి పెళ్లి మాటలు చాలా దూరం వెళ్లిపోయాయి. బయటపెడదాం అని లీనా అంటుంది. చదువుకున్న, మంచి మనసున్న అమ్మాయి అలా అనడం సహజం. సోఫియా ఒప్పుకోదు. నిజం చెబితే ఏమవుతుందో ఆమె లెక్క వేసుకుంది. ఒప్పందం పోతుంది, ఇంటి ఇజ్జత్ పోతుంది, కేసు నిలబడుతుందన్న నమ్మకం లేదు, బిడ్డ మాత్రం మిగులుతుంది. ఓమర్‌ను చేసుకుంటే ఇవేవీ జరగవు. ఓమర్ ఇంటివాళ్లు పేదవాళ్లు, జైలు భయం ఉన్నవాళ్లు. వాళ్లను ఒప్పించవచ్చు. ఒప్పించారు కూడా.

అంటే జరిగిన నేరానికి మూల్యం చెల్లించింది నేరం చేసినవాడు కాదు. పూర్తిగా బాధితురాలు కూడా కాదు. దర్బ్ సుల్తాన్‌లో ఉండే, ఏ సంబంధమూ లేని ఒక కుర్రాడు. సినిమా చివర పెళ్లి వేడుకలో సోఫియా నవ్వుతూ కనిపిస్తుంది. చూసేవాళ్లకు కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. సగం సినిమా దాకా జాలిపడిన అమ్మాయిని ఇప్పుడు ఏ లెక్కన చూడాలి?

ఈ మలుపు మీద అభ్యంతరాలకు చోటుంది. అత్యాచారానికి గురైన అమ్మాయిని ఎత్తుగడ వేసే మనిషిగా చూపిస్తే, ‘ఆడవాళ్లు అబద్ధాలు చెప్పి మగవాళ్లను ఇరికిస్తారు’ అనేవాళ్ల చేతికి ఆయుధం ఇచ్చినట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. అసలు సంగతి బయటపడే తీరు కూడా కాస్త హడావుడిగానే ఉంది. ఓమర్ పాత్రకు ఇంకొంచెం చోటు ఇచ్చుంటే ఆ అన్యాయం మరింత గట్టిగా తగిలేది. అయినా దర్శకురాలు ఎంచుకున్న దారి సరైనదనే అనిపిస్తుంది. నిస్సహాయంగా ఏడ్చే ముస్లిం అమ్మాయి బొమ్మ పారిస్, కాన్ ప్రేక్షకులకు బాగా అలవాటైనది. వాళ్లు కన్నీళ్లు తుడుచుకుని, మతం మీద రెండు మాటలు అనుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఈ సినిమా ఆ సౌకర్యం వాళ్లకు ఇవ్వలేదు. ఇందులో కథను నడిపేది ఇమామో ఫత్వానో కాదు. భూమి, పెట్టుబడి, ఉద్యోగం, పరువు. మొరాకోలో స్త్రీ పరిస్థితిని ఆర్థిక స్థితి నుంచి విడదీసి చూడలేమని బెన్‌ఎంబారెక్ ఇంటర్వ్యూల్లో చెబుతూ వచ్చారు. పైగా ఫ్రెంచివాళ్లు కూడా ఈ ఏర్పాటుకు బయట లేరు. ఆన్ఫా విల్లా యజమాని ఫ్రెంచివాడే మరి.

ఇక చట్టం దగ్గరికి వద్దాం.

మొరాకోలో కుటుంబ చట్టాన్ని ‘ముదవ్వన’ అంటారు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్దికాలానికే, 1957-58లో, మాలికీ ఫిఖ్ ఆధారంగా రాశారు. 1993లో చిన్న సవరణలు. 1999లో అప్పటి ప్రభుత్వం పెద్ద మార్పులు ప్రతిపాదించగానే దేశం రెండుగా చీలింది. 2000 మార్చి 12న రబాత్‌లో మార్పు కావాలనేవాళ్లు, కాసాబ్లాంకాలో వద్దనేవాళ్లు ఒకే రోజున భారీ ఊరేగింపులు తీశారు. వద్దన్న ఊరేగింపులోనూ ఆడవాళ్లు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. చివరికి 2004లో రాజు ఆరవ మొహమ్మద్ చొరవతో కొత్త చట్టం వచ్చింది. పెళ్లి వయసు ఇద్దరికీ 18 ఏళ్లు. భార్య భర్తకు విధేయురాలిగా ఉండాలన్న నిబంధన పోయింది. రెండో పెళ్లికి జడ్జి అనుమతి తప్పనిసరి అయింది. ఇవన్నీ షరియత్ పరిధిలోనే ఇజ్తిహాద్ ద్వారా చేసినవని రాజు పార్లమెంటుకు చెప్పారు. ముస్లిం దేశాల్లో అప్పట్లో ఇది పెద్ద వార్తే.

కాగితం మీద గెలుపు ఎంత వరకు అన్నది తర్వాత తేలింది. 18 ఏళ్ల నిబంధనకు జడ్జి మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ మినహాయింపే చాలా చోట్ల అలవాటుగా మారింది. అలా పెళ్లయ్యే మైనర్లలో ఎక్కువ మంది పల్లెల్లోని పేద ఇళ్ల అమ్మాయిలు. అత్యాచారం కేసులో మైనర్ బాలికను పెళ్లి చేసుకుంటే శిక్ష తప్పించుకునే వీలు శిక్షాస్మృతి 475వ అధికరణంలో ఉండేది. 2012లో అలా పెళ్లి చేసిన 16 ఏళ్ల అమ్మాయి ప్రాణం తీసుకుంది. దేశం అట్టుడికింది. 2014 జనవరిలో పార్లమెంటు ఆ వెసులుబాటును తీసేసింది. ‘సోఫియా’లో పెళ్లి ద్వారా నేరాన్ని కప్పిపుచ్చడం చూస్తే ఈ చరిత్ర గుర్తుకు రాకమానదు. తేడా ఒక్కటే. ఇక్కడ పెళ్లికొడుకు నేరస్తుడు కూడా కాదు.

490వ అధికరణం మాత్రం కదల్లేదు. 2019లో జర్నలిస్టు హజర్ రైసూనీకి ఈ చట్టం కింద, అబార్షన్ ఆరోపణతో కలిపి, ఏడాది జైలు శిక్ష వేశారు. ఆమె ఆరోపణలను ఖండించింది. ప్రభుత్వాన్ని విమర్శించే పత్రికలో పనిచేయడమే అసలు కారణమని ఆమె తరఫువాళ్లు అన్నారు. రచయిత్రి లైలా స్లిమానీ, దర్శకురాలు సోనియా తెర్రబ్ ‘చట్టం దృష్టిలో మేమంతా నేరస్తులమే’ అనే అర్థంలో ఒక ప్రకటన రాస్తే, ఆ అధికరణం సంఖ్యకు తగ్గట్టే మొదట 490 మంది సంతకాలు చేశారు. అక్టోబర్‌లో రాజు క్షమాభిక్షతో రైసూనీ విడుదలైంది. చట్టం అక్కడే ఉంది. ఎప్పుడు ఎవరి మీద వాడాలో వాడుకునే వీలూ అలాగే ఉంది.

2022 జూలైలో ముదవ్వనను మళ్లీ సమీక్షించాలని రాజు అన్నారు. 2023 సెప్టెంబర్‌లో కమిటీకి పని అప్పగించారు. 2024 డిసెంబర్ 24న ప్రధాన ప్రతిపాదనలు బయటికొచ్చాయి. మైనర్ వివాహానికి మినహాయింపు ఇచ్చినా 17 ఏళ్లకు తగ్గకూడదు. పిల్లల సంరక్షకత్వం తల్లిదండ్రులిద్దరిదీ. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన బిడ్డ ఆమెకు దూరం కాదు. భర్త చనిపోయినా భార్య ఆ ఇంట్లోనే ఉండవచ్చు. ఇవి చిన్నవి కావు. ముఖ్యంగా విడాకుల తర్వాత బిడ్డ స్కూలు మార్పుకు, పాస్‌పోర్టుకు మాజీ భర్త సంతకం కోసం తిరిగిన తల్లులకు వీటి విలువ తెలుసు.

అయితే ఉలమాల ఉన్నత మండలికి పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ‘కుదరదు’ అని జవాబు వచ్చింది. అందులో ఒకటి డీఎన్‌ఏ పరీక్ష. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు డీఎన్‌ఏ ఆధారంగా తండ్రిని నిర్ధారించి, నసబ్ కలపాలన్న ప్రతిపాదనను మండలి అంగీకరించలేదు. నసబ్ నికా నుంచే వస్తుందన్నది సంప్రదాయ ఫిఖ్ వైఖరి. దానికి బదులు, బిడ్డ పోషణ బాధ్యతను కన్న తండ్రి, తల్లి ఇద్దరి మీదా పెట్టవచ్చని సూచించింది. ఖర్చు ఇవ్వవచ్చు, పేరు ఇవ్వనక్కర్లేదు అన్నమాట.

ఈ ప్రశ్న కోర్టులకు కొత్త కాదు. 2017 జనవరిలో టాంజియర్ ప్రాథమిక కోర్టు ఒక కేసులో డీఎన్‌ఏ ఆధారంగా తండ్రిని గుర్తించింది. నసబ్ కలపలేదు గానీ తల్లికి లక్ష దిర్హాముల పరిహారం ఇమ్మంది. అదే ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 2020లో అత్యున్నత కోర్టు అప్పీలు కోర్టు మాటే ఖాయం చేసింది. చట్టంలో ఒక సందు లేకపోలేదు. నిశ్చితార్థం అయ్యాక, పెళ్లి కాకముందు గర్భం వస్తే 156వ అధికరణం ప్రకారం ఆ బిడ్డ కాబోయే భర్తదే అవుతుంది. అతను కాదంటే పరీక్షకూ వీలుంది. కానీ షరతు చూడండి. ఆ నిశ్చితార్థం రెండు కుటుంబాలకూ తెలిసి ఉండాలి. రెండిళ్ల పెద్దలు చుట్టాల మధ్య కూర్చుని సంబంధం ఖాయం చేసుకున్న అమ్మాయికి దారి ఉంది. ఎవరి ఇంట్లోనో పనికి చేరి మోసపోయిన అమ్మాయికి లేదు.

డీఎన్‌ఏ మీద చర్చను అందరూ ఆధునికత, మతం మధ్య పోరుగానే చూస్తున్నారు. మండలిని తప్పుపట్టేవాళ్లూ అంతే, సమర్థించేవాళ్లూ అంతే. ‘సోఫియా’ కథను ఈ చర్చ పక్కన పెట్టి చూస్తే ఇంకో కోణం కనబడుతుంది. ఆ సినిమాలో ఒక్క పరీక్ష జరిగితే ఏమయ్యేది? ఓమర్ బయటపడేవాడు. దావత్‌లో కూర్చున్న పెద్దమనిషి పట్టుబడేవాడు. ఒప్పందం, పెళ్లి, పేటలు దాటిన ఆ ఏర్పాటంతా ఒక్క రోజులో కూలేది. పరీక్ష లేకపోవడం వల్ల రక్షణ దొరికింది నికా పవిత్రతకు కాదు, డబ్బున్నవాడికి. నిర్దోషి మీద అబద్ధపు నసబ్ రుద్దడం ఏ ఫిఖ్ ప్రకారమూ మంచిపని కాదు. కానీ నిజం చెప్పే సాధనం లేనప్పుడు పేరు ఎవరి మీద పడాలో బలమున్నవాళ్లే నిర్ణయిస్తారు. ఈ కథలో అదే జరిగింది.

వారసత్వంలోనూ ఇలాంటిదే. కొడుకులు లేని ఇంట్లో ఆస్తిలో కొంత భాగం బాబాయిలకు, వాళ్ల కొడుకులకు వెళ్లే అసబా నియమాన్ని రద్దు చేయడానికి మండలి ఒప్పుకోలేదు. తండ్రి బతికుండగానే కూతుళ్లకు హిబా రాసివ్వవచ్చని దారి చూపింది. లాయరు, పక్కా పట్టా, ముందుచూపు ఉన్న ఇంటికి అది పనికొచ్చే సలహానే. రెండు గదుల ఇల్లు తప్ప ఏమీ లేని, ఆ ఇంటికీ సరైన కాగితాలు లేని మనిషికి అది ఎంతవరకు అక్కరకొస్తుంది?

కుటుంబం ఆదుకోని అమ్మాయిలకు ఏమవుతుందన్నది ఇంకో దర్శకురాలు మర్యమ్ తౌజానీ ‘ఆడమ్’ (2019)లో చూపించారు. పెళ్లికాని గర్భిణి సామియా కాసాబ్లాంకా పాత బస్తీలో పని వెతుక్కుంటూ రొట్టెలు చేసి అమ్ముకునే ఓ వితంతువు గుమ్మం ముందుకు చేరుతుంది. ‘సోఫియా’లో ఆన్ఫా ఇల్లాలు లైలాగా వేసిన లుబ్నా అజబాలే ఇందులో ఆ వితంతువు. సోఫియా చుట్టూ ఒక ఖాందాన్ ఉంది, బేరం ఆడగలిగే పెద్దలున్నారు. సామియాకు ఎవరూ లేరు, అందుకే బిడ్డను ఇచ్చేయడం తప్ప మార్గం లేదనుకుంటుంది. రెండు సినిమాలూ చూస్తే ఒకే చట్టం కింద రెండు అంతస్తుల్లో పుట్టే బిడ్డల కథ పూర్తవుతుంది.

నిజ జీవితంలోని సామియాల కోసం 1985లోనే కాసాబ్లాంకాలో ‘సొలిడారిటే ఫెమినిన్’ సంస్థ పెట్టారు ఆయెషా అష్‌షన్నా. ఒంటరి తల్లులకు వంట, కుట్టుపని నేర్పించి, బిడ్డను వదులుకోకుండా సొంత కాళ్ల మీద నిలబడేలా చేశారు. వ్యభిచారాన్ని ప్రోత్సహిస్తున్నదని నిందలూ పడ్డారు. 2022లో ఆమె చనిపోయారు. ఆ తల్లులు బిడ్డ పేరు నమోదుకు వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో పౌర నమోదు చట్టంలోనే రాసి ఉంది. తండ్రి తెలియని బిడ్డకు తల్లి ఒక ఇంటిపేరు ఎంచుకోవాలి. తండ్రి గడిలో ‘అబ్ద్’తో మొదలయ్యే ఏదో ఒక పేరు రాయించాలి. అల్లాహ్ దాసుడు అనే అర్థంలో వచ్చే గౌరవమైన మాట అది. బిడ్డకు సిగ్గు కలగకూడదన్న ఉద్దేశంతోనే పెట్టి ఉండొచ్చు. కానీ ఆ మనిషి లేడు.

సోఫియా బిడ్డకు ఆ అవసరం రాలేదు. ఇంటిపేరు ఉంది, తండ్రి గడిలో ఓమర్ పేరు ఉంటుంది, కాగితాలన్నీ సక్రమంగా ఉంటాయి. దావత్‌కు వచ్చిన ఆ పెద్దమనిషి పేరు మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.